క్యాబోవర్ లారీతో ఇరుకైన కొండబాటలు, రాళ్లదారులు: సమగ్ర మార్గదర్శి

ముందు బానెట్ ఉన్న బండి నడిపి అలవాటైన డ్రైవరు, ముక్కు లేని క్యాబోవర్ లారీతో కొండబాట పడితే మొదటి ఇరుకు మలుపులోనే తడబడతాడు. స్టీరింగ్ తొందరపడి తిప్పేస్తాడు. క్యాబ్ చక్కగా తిరుగుతుంది, కళ్ల ముందు దారి ఖాళీగానే ఉంటుంది, లోపలివైపు వెనక చక్రం మాత్రం గట్టెక్కి కూర్చుంటుంది. నాకూ మొదట్లో ఇదే జరిగింది. చక్రం గట్టు మీదికి ఎక్కి బండి లోయవైపు ఒరిగినప్పుడు, ఆ ఒరుగు ఎక్కడ ఆగుతుందో తెలియక స్టీరింగ్ పట్టుకుని కూర్చున్న ఆ కొన్ని క్షణాలు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఆ రోజు నాకు అర్థమైన విషయం మీదే ఈ వ్యాసమంతా నడుస్తుంది. ఈ బండిలో అందరికన్నా ముందు ఉండేది మీరే. ముందు చక్రాలు మీ సీటు కింద గానీ, కాస్త వెనక గానీ ఉంటాయి. ఇంజను క్యాబ్ కిందే ఉంటుంది, చాసిస్, బాడీ, సరుకు అన్నీ మీ వెనకాలే వస్తాయి. కాబట్టి కళ్లకు కనిపించే దారిని బట్టి కాకుండా, వెనక వచ్చే బండిని బట్టి నడపడం నేర్చుకోవాలి.

ముందుగా మీ బండి కొలతలు తెలుసుకోండి

చదునైన నేల మీద బండి ఆపి, టేపు పట్టుకుని ఒక అరగంట కేటాయించండి. ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకి ఎంత దూరం, ముందు ఇరుసు నుంచి బంపర్ ఎంత ముందుకు ఉంది, వెనక ఇరుసు నుంచి బాడీ ఎంత వెనక్కి పొడుచుకొచ్చింది, బాడీలో అన్నిటికన్నా ఎత్తైన చోటు ఎంత ఎత్తు, నేల నుంచి డిఫరెన్షియల్ గుండు (ఇరుసు మీద గేర్లు ఉండే ఉబ్బెత్తు భాగం) ఎంత పైన ఉంది: ఇవన్నీ రాసి డాష్‌బోర్డు మీద అంటించుకోండి.

ఈ కొలతలు ఎందుకో ఒక లెక్క చెబుతాను. ఇరుసుల మధ్య దూరం 3.5 మీటర్లు అనుకుందాం. బయటివైపు ముందు చక్రం 7 మీటర్ల వ్యాసార్థంతో తిరుగుతోంది. అదే వైపు వెనక చక్రం తిరిగే వ్యాసార్థం సుమారు 6.06 మీటర్లు. అంటే వెనక చక్రం దాదాపు 94 సెంటీమీటర్లు లోపలికి కోసుకుపోతుంది. ఇరుసుల మధ్య దూరం 4.5 మీటర్లయితే ఆ కోత 1.64 మీటర్లకు చేరుతుంది. పొడవు ఒక్క మీటరు పెరిగితే మలుపులో కావాల్సిన చోటు అంత పెరిగిపోతుంది. కొండబాటకి బండి ఎంచుకునే అవకాశం మీ చేతిలో ఉంటే, పొట్టి వీల్‌బేస్ బండినే తీసుకోండి. సరుకు కొంచెం తక్కువ పట్టినా పరవాలేదు.

ఇంకో వైపు కూడా చూడాలి. అదే 3.5 మీటర్ల బండికి బంపర్ ముందు ఇరుసు కన్నా 1.2 మీటర్లు ముందుకు ఉంటే, పూర్తి మలుపులో బయటివైపు బంపర్ మూల చక్రం జాడ కన్నా సుమారు 67 సెంటీమీటర్లు బయటికి ఊగుతుంది. చక్రం నేల మీదే ఉంటుంది, మీరు మాత్రం లోయ మీద ఉంటారు. మొదటిసారి గుండె జారినట్టు అనిపిస్తుంది, అది సహజం. చక్రం ఎక్కడుందో కచ్చితంగా తెలిసినవాళ్లకి ఆ భయం అదుపులో ఉంటుంది. తెలియనివాళ్లు భయపడి బ్రేకు తొక్కుతారు, లేదా అవసరం లేకుండా లోపలికి తిప్పి వెనక చక్రాన్ని గట్టెక్కిస్తారు.

చక్రం ఎక్కడుందో శరీరానికి నేర్పడానికి ఒక అభ్యాసం ఉంది. ఖాళీ స్థలంలో చిన్న చెక్కముక్క పెట్టి, ముందు చక్రాన్ని సరిగ్గా దాని మీద ఆపే ప్రయత్నం చేయండి. డ్రైవర్ వైపు చక్రంతో ఇరవైసార్లు, అవతలి వైపు చక్రంతో నలభైసార్లు. అవతలి వైపు కష్టం కాబట్టి రెట్టింపు. తర్వాత వెనక చక్రాలతో, అద్దాల్లో చూస్తూ చేయండి. సీటు కింద చక్రం ఉండటం ఈ బండి ఇచ్చే గొప్ప సౌకర్యం. బానెట్ బండిలో ముందు చక్రం ఎక్కడుందో ఊహించుకోవాలి, ఇక్కడ దాదాపు మీ మడమ కిందే ఉంటుంది. అలవాటయ్యాక రాయిని ఎంచుకుని మరీ చక్రం పెట్టొచ్చు.

మీ బండి కింది నిర్మాణం కూడా తెలిసుండాలి. ఫుసో కాంటర్, ఇసుజు ఎన్ సిరీస్ ఫోర్‌వీల్ డ్రైవ్ లాంటి తేలిక లారీల్లో అడ్డంగా ఒకే ఇరుసు, దానికి కమాను పట్టీలు ఉంటాయి. అన్నిటికన్నా కిందికి వేలాడేది డిఫరెన్షియల్ గుండు. వోల్వో సీ303 లాంటి పాత సైనిక బండ్లలో చక్రాల దగ్గర అదనపు గేర్లు పెట్టి ఇరుసుని పైకి లేపారు, అందుకే వాటికి కింద చోటు ఎక్కువ. టాట్రా లారీల్లో మధ్యలో ఒక లావుపాటి గొట్టం వెన్నెముకలా ఉండి, రెండు వైపులా సగం ఇరుసులు విడివిడిగా ఊగుతాయి, చాసిస్ పెద్దగా మెలిపడదు. ఒకరి బండి ఎక్కిన గుంటలో మీ బండి ఎక్కుతుందని అనుకోవద్దు అనడానికే ఇదంతా చెప్పాను.

బయల్దేరే ముందు

అన్నిటికన్నా ముందు క్యాబ్ లాక్ చూడండి. ఈ బండ్లలో ఇంజను మీద పని చేయాలంటే క్యాబ్ ముందుకు వంచాలి. ఆ లాక్ సరిగ్గా పడకపోతే గతుకుల్లో, దిగుడులో క్యాబ్ ఊగుతుంది, విడిపోతే చెప్పేదేముంది. చేత్తో పట్టి లాగి చూడండి, హెచ్చరిక దీపం ఉంటే అది ఆరిందో లేదో చూడండి. క్యాబ్ లోపల సీసాలు, పానాలు, జాకీ రాడ్లు వదులుగా ఉంచవద్దు. గతుకుల్లో దొర్లుకుంటూ వచ్చి పెడల్ కింద ఇరుక్కున్న సీసా ఒక్కటి చాలు.

కమాను పట్టీల యూ-బోల్టులు, మధ్య బోల్టు, స్టీరింగ్ రాడ్ల కీళ్లు, చక్రాల నట్లు చూడండి. వెనక పెట్టెలాంటి బాడీ ఉంటే అది చాసిస్‌కి ఎలా బిగించారో తప్పక చూడండి. గతుకుల్లో నిచ్చెన చాసిస్ మెలిపడుతుంది, అది దాని పని. బాడీని నాలుగు మూలలా గట్టిగా బిగించేస్తే చాసిస్ మెలిపడిన ప్రతిసారీ బాడీ మూలలు పగులుతాయి, లేదంటే చాసిస్ బోల్టుల దగ్గరే చీలుతుంది. కొండబాటకి వెళ్లే బండికి స్ప్రింగులున్న బిగింపు గానీ, మూడు బిందువుల మీద తిరిగే బిగింపు గానీ ఉండాలి.

సరుకు విషయంలో మూడు మాటలు: బరువు కిందికి, వెనక ఇరుసు కన్నా ముందుకి, కదలకుండా కట్టి. బరువంతా వెనక ఇరుసుకి అవతల పెడితే ముందు చక్రాలు తేలిపోయి, ఎక్కుడులో స్టీరింగ్ మాట వినదు. అసలు సరుకే లేకపోవడం కూడా మంచిది కాదు. ఖాళీ క్యాబోవర్‌లో బరువు ఎక్కువగా ముందే ఉంటుంది, వెనక చక్రాలు గెంతుతాయి, వదులు మట్టిలో ఊరికే తిరుగుతాయి. ఖాళీ బండితో కఠినమైన దారికి వెళ్లాల్సి వస్తే వెనక ఇరుసు పైన ఇసుక బస్తాలు కట్టుకుని వెళ్లడం నాకు అలవాటు.

టైర్లలో గాలి

గాలి తగ్గిస్తే టైరు నేలని ఎక్కువగా పట్టుకుంటుంది, రాయి తగిలినప్పుడు మెత్తగా ఒదుగుతుంది, బండి కుదుపు తగ్గుతుంది. రాళ్లబాటలో రోడ్డు గాలి కన్నా పావు వంతు తగ్గించడం మంచి మొదలు. 90 పీఎస్ఐ ఉంటే 68 దగ్గర అన్నమాట. ఇసుకలో ఇంకాస్త తగ్గించొచ్చు. బరువుని బట్టి టైరు తయారీదారు ఇచ్చే పట్టిక చూసుకోండి, అందులోని కనిష్ఠం కిందికి పోవద్దు. గాలి తగ్గించాక వేగం గంటకి 20 కిలోమీటర్లు దాటనివ్వకండి. దిగువ గాలితో వేగంగా పోతే టైరు పక్కగోడ వేడెక్కి చీలుతుంది.

వెనక జంట టైర్లుంటే మరింత జాగ్రత్త. గాలి బాగా తగ్గితే రెండు టైర్ల పక్కగోడలు ఒకదానికొకటి రాసుకుని పాడవుతాయి. ట్యూబు టైర్లయితే గాలి తక్కువైనప్పుడు టైరు రిమ్ము మీద జారి, వాల్వుని తెంపేస్తుంది.

లాక్ రింగు ఉన్న ముక్కల రిమ్ముల గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. అలాంటి చక్రంలో గాలి పూర్తిగా పోతే, లేదా బాగా తగ్గిన గాలితో నడిచి ఉంటే, దారిలో అలాగే గాలి నింపవద్దు. రింగు సరిగ్గా కూర్చోకపోతే గాలి నింపేటప్పుడు ఎగిరిపడి మనిషిని చంపేంత బలం దానికి ఉంటుంది. స్టెప్నీ వేసుకోండి, ఆ చక్రాన్ని ఇనుప పంజరం ఉన్న చోటే విప్పించి, చూసి, నింపించండి.

సీటులో కూర్చోవడం, పాదం నిలపడం

క్యాబోవర్‌లో మీరు ముందు ఇరుసు మీద కూర్చుంటారు కాబట్టి ప్రతి గతుకూ నేరుగా మీకే తగులుతుంది. బండి ముందుకీ వెనక్కీ ఊగినప్పుడు శరీరం ఎగిరి, యాక్సిలేటర్ మీద పాదం కూడా ఎగురుతుంది. పాదం ఎగిరితే ఇంజను ఎగసిపడుతుంది, దాంతో బండి ఇంకా ఊగుతుంది, పాదం ఇంకా ఎగురుతుంది. ఈ వలయంలో పడితే ముందు యాక్సిలేటర్ వదిలేయండి. మడమ నేలకి ఆనించి, పాదం పక్కభాగాన్ని ఇంజను కప్పుకో పక్క గోడకో ఆనించి పెడితే స్థిరంగా ఉంటుంది. లో రేంజ్ (బలం పెంచి వేగం తగ్గించే అదనపు గేరు వరస) మొదటి, రెండో గేర్లలో డీజిల్ ఇంజను అసలు యాక్సిలేటర్ లేకుండానే బండిని పాకిస్తుంది. సగం దారి అలాగే పోవచ్చు.

బెల్టు పెట్టుకోండి. దిగుడులో మీ బరువంతా బెల్టు మీదే ఆగుతుంది, అది లేకపోతే స్టీరింగ్‌ని పట్టుకుని వేలాడాల్సి వస్తుంది, అలా వేలాడే చేతులతో స్టీరింగ్ తిప్పలేరు. బొటనవేళ్లు స్టీరింగ్ చక్రం లోపలికి పెట్టవద్దు. రాయి తగిలి స్టీరింగ్ ఒక్కసారిగా తిరిగితే వేలు విరుగుతుంది.

దిగి నడవండి

తెలియని ప్రతి కష్టమైన చోటా బండి ఆపి, దిగి, నడిచి చూడండి. సీటులోంచి ముందు అద్దంలో చూస్తే అన్నీ కనిపిస్తున్నట్టే ఉంటుంది, ఎందుకంటే ఎదురుగా బానెట్ అడ్డం లేదు. కానీ అవతలివైపు ముందు మూల, బంపర్ కింద ఉన్న నేల మీకు కనిపించవు. నడిచేటప్పుడు బయటి అంచు మట్టి కాలితో గట్టిగా తొక్కి చూడండి. వాన నీరు కింద నుంచి తొలిచిన అంచు పైకి గట్టిగా కనిపిస్తూనే బరువుకి విరిగిపోతుంది. తలెత్తి కూడా చూడండి. బాడీ క్యాబ్ కన్నా ఎత్తుంటే, క్యాబ్ దాటిన కొమ్మ బాడీకి తగులుతుంది. వెనక చక్రం రాయి ఎక్కినప్పుడు బాడీ పైమూల ఇంకా పైకి, పక్కకి పోతుందని గుర్తుంచుకోండి.

దారి చూపే మనిషి ఒక్కరే ఉండాలి. ఇద్దరు చెప్పే చోట ఎవరి మాటా వినలేం. ఆగు, రా, ఎటు తిప్పాలి, ఎంత మిగిలింది: ఈ నాలుగింటికి చేతి సైగలు ముందే అనుకోండి. చూపే మనిషి కనిపించకపోతే ఆ క్షణమే ఆగాలి, ఇందులో మినహాయింపు లేదు. ఆ మనిషి బండికీ గట్టుకీ మధ్యగానీ, కింది వాలులోగానీ నిలబడకూడదు.

ఇరుకు మలుపు తిరగడం

మలుపు ముందు బయటివైపు గట్టి నేల ఉన్నంత మేర బయటికి పోండి. ఇప్పుడు అసలు కష్టమైన పని: ఆగండి. మలుపు మొదలైంది, చేతులు తిప్పమంటున్నాయి, అయినా తిప్పవద్దు. లోపలి మలుపు మూల మీ భుజాన్ని దాటి వెనక్కి పోయేదాకా నేరుగా వెళ్లండి. దాటాక పాకే వేగంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పండి. బండి కదులుతుండగా తిప్పండి, నిలబడిన బండిలో స్టీరింగ్ బలవంతంగా తిప్పితే కీళ్లకీ టైర్లకీ చేటు.

స్టీరింగ్ తిప్పిన మరుక్షణం నుంచి కళ్లు లోపలివైపు అద్దంలోనే ఉండాలి. ముందు చక్రం ఎక్కడుందో మీ మడమకి తెలుసు, మీకు తెలియనిది వెనక చక్రం. అది గట్టుకి దగ్గరవుతుంటే స్టీరింగ్ కొంచెం వదిలి, మళ్లీ పట్టండి. మధ్యమధ్యలో ఒక్క చూపు బయటి ముందు మూల వైపు.

కొన్ని మలుపుల్లో ఒక్కసారికి తిరగదు. అది మీ చేతకానితనం కాదు, లెక్క అంతే. ముందే ఒప్పుకుని రెండు మూడుసార్లలో తిరగడమే మంచి డ్రైవింగ్. ఇక్కడ ఎక్కేటప్పటికీ దిగేటప్పటికీ తేడా ఉంది, చాలామంది దీన్ని పట్టించుకోరు.

ఎక్కేటప్పుడు మలుపు మధ్యలో మీ ముఖం కొండవైపు ఉంటుంది, తోక లోయవైపు ఉంటుంది. అంటే వెనక్కి వెళ్లడం లోయవైపు వెళ్లడమే. వెనక ఎంతవరకు రావాలో చూపే మనిషి నేల మీద గీత గీసి, ఆ గీత మీద బరువైన రాయో దుంగో వెనక చక్రానికి అడ్డంగా పెట్టాలి. అంచుకి కనీసం ఒక మీటరు వదిలి పెట్టాలి. బాడీ వెనక భాగం ఆ రాయిని దాటి అంచు మీదికి పోతుంది, అది పోవచ్చు. చక్రం పోకూడదు. మళ్లీ ముందుకి కదలాలంటే ఎక్కుడులో క్లచ్ పట్టుకుని బండి లేపాలి. హ్యాండ్ బ్రేకు వేసి ఉంచి, లో రేంజ్ మొదటి గేరులో ఇంజను బరువు అందుకున్నట్టు తెలిశాకే బ్రేకు వదలండి.

దిగేటప్పుడు ఇది తలకిందులవుతుంది. ముఖం లోయవైపు, తోక గట్టువైపు. బంపర్ అంచు దాటి గాలిలోకి పోతుంది, మీ కాళ్ల కింద నేల కనిపించదు. చక్రం అంచుకి ఒక మీటరు ఉండగానే ఆపండి. రివర్సులో వెనక్కి ఎక్కేటప్పుడు వదులు మట్టిలో వెనక చక్రాలు తిరిగితే బండి ముందుకి జారుతుంది. అందుకే ముందు చక్రాల ముందు అడ్డు దిమ్మలు పెట్టించి, అప్పుడే రివర్స్ గేరు వేయండి. ఫోర్‌వీల్ డ్రైవ్ వేసే ఉండాలి. ప్రతిసారి వెనక్కి వచ్చేటప్పుడు స్టీరింగ్ పూర్తిగా ఎదురు వైపుకి తిప్పితేనే మలుపు కలిసొస్తుంది.

రాతిగోడ పక్కనే ఆనుకుని ఆగి, అక్కడి నుంచి ఒక్కసారిగా పూర్తి స్టీరింగ్ తిప్పి బయల్దేరవద్దు. వెనక ఇరుసుకి అవతల పొడుచుకొచ్చిన బాడీ గోడవైపుకే ఊగుతుంది. పై లెక్కలోని బండికి వెనక 1.5 మీటర్లు పొడుచుకొస్తే ఆ ఊపు 18 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ముందు కొంచెం నేరుగా పోయి, గోడ నుంచి కాస్త విడిపడ్డాక తిప్పండి.

రాళ్ల మీద

పెద్ద రాయిని రెండు చక్రాల మధ్య పెట్టి దాటాలనిపిస్తుంది. డిఫరెన్షియల్ గుండు ఎత్తు మీకు కచ్చితంగా తెలిస్తే తప్ప ఆ పని చేయకండి. చక్రాన్ని రాయి మీదికే ఎక్కించండి. చక్రం ఎక్కితే ఇరుసు కూడా దాంతో లేస్తుంది. గుండు చాలా బండ్లలో సరిగ్గా మధ్యలో ఉండదు, ఒక పక్కకి ఉంటుంది. ఏ పక్కకో తెలుసుకుని, రాళ్లని అవతలి పక్కకి వదలండి.

ముందు చక్రం రాయి దిగాక ఊపిరి పీల్చుకుని యాక్సిలేటర్ తొక్కడం అందరూ చేసే పని. ఇంకా వెనక చక్రం ఎక్కాల్సి ఉంది. మీ కింద కుదుపు ఆగిందంటే ఆ రాయి ఇప్పుడు వెనక చక్రం వైపు వస్తోందని అర్థం. మనసులో ఇరుసుల మధ్య దూరం లెక్కపెట్టుకోండి, రెండో కుదుపు కూడా దాటేవరకు అదే వేగం.

జంట టైర్లున్న బండికి వెనక వెడల్పు ముందుకన్నా ఎక్కువ ఉండొచ్చు. మీ బండి ముందు నిలబడి వంగి చూడండి. బయటి వెనక టైరు ముందు టైరు కన్నా బయటికి కనిపిస్తే, ముందు చక్రం పట్టిన అంచు వెనక చక్రానికి పట్టదు. రెండు టైర్ల మధ్య రాయి ఇరుక్కుంటే వెంటనే ఆపి తీయండి. పక్కగోడలు కోసేస్తుంది, ఊడితే వెనక వచ్చే బండి అద్దం పగులుతుంది.

గుంటలు, డిఫ్ లాక్

ఒక చక్రం గుంటలో, దానికి ఎదురుమూల చక్రం కూడా గుంటలో పడితే, ఆ రెండూ ఊరికే తిరుగుతాయి, బండి కదలదు. ఇరుసుకి రెండు వైపులా ఉన్న చక్రాలు కలిసే తిరిగేలా బిగించే డిఫరెన్షియల్ లాక్ (డిఫ్ లాక్) ఉన్నది ఇందుకే. దాన్ని గుంటలో దిగాక కాదు, దిగకముందే, చక్రాలు తిరగని సమయంలో, బండి నేరుగా ఉన్నప్పుడు వేయండి. చక్రం వేగంగా తిరుగుతుండగా వేస్తే పళ్లు విరుగుతాయి. లాక్ వేసినంతసేపు బండి తిరగడానికి మొండికేస్తుంది, నేరుగానే పోవాలని చూస్తుంది. అంచు పక్కన ఇది ప్రమాదం. గట్టి నేల రాగానే తీసేయండి.

లాక్ లేని బండి అయితే గుంటలో రాళ్లు పేర్చి నింపడం ఒక్కటే నమ్మకమైన దారి. పది నిమిషాల పని, గంటల కష్టం తప్పిస్తుంది.

ఎక్కుడు, దిగుడు, పక్కవాలు

ఎక్కుడు మొదలయ్యేలోపే గేరు ఎంచుకోండి, మధ్యలో మార్చే పని పెట్టుకోవద్దు. సగంలో ఆగిపోతే బ్రేకు, క్లచ్, ఆ వెంటనే రివర్స్ గేరు. క్లచ్ మెల్లగా వదిలి ఇంజను బిగువు మీదే నేరుగా వెనక్కి దిగండి. న్యూట్రల్‌లో వదలవద్దు. వాలు మధ్యలో బండిని అడ్డం తిప్పి దిగుదామని అసలే అనుకోవద్దు. ఎత్తు బండి వాలుకి అడ్డం పడితే దొర్లుతుంది.

దిగుడులో క్యాబోవర్ మనిషిని భయపెడుతుంది. ముందు ఏమీ లేదు, గాజు తప్ప. ఉన్న వాలు కన్నా ఎక్కువ కనిపిస్తుంది. లో రేంజ్ మొదటి లేదా రెండో గేరు, క్లచ్ మీద పాదం లేకుండా, బ్రేకుని మెల్లగా, సమంగా. వెనక చక్రాలు జారడం మొదలైతే బ్రేకు కాస్త వదిలి, అవసరమైతే యాక్సిలేటర్ కొంచెం తాకించండి, చక్రాలు మళ్లీ పట్టు దొరికించుకుంటాయి. ఎగ్జాస్ట్ బ్రేకు (పొగ గొట్టాన్ని మూసి ఇంజను చేతే వేగం తగ్గించేది) మంచి సాధనమే, కానీ అది ఇంజను తిప్పే చక్రాలనే పట్టుకుంటుంది. తడి బంకమట్టి మీద వెనక చక్రాలకే శక్తి పోతున్నప్పుడు అది వేస్తే వెనక భాగం పక్కకి తిరిగిపోవచ్చు. ఫోర్‌వీల్ వేసి ఉంటేనే వాడండి.

ఎయిర్ బ్రేకు బండిలో పదేపదే తొక్కి వదిలితే ట్యాంకులో గాలి తగ్గిపోతుంది. పాకే వేగంలో ఇంజను నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి కంప్రెసర్ కూడా నెమ్మదిగానే నింపుతుంది. గేజి మీద ఒక కన్ను ఉంచండి. హెచ్చరిక మోగేదాకా ఆగకుండా, చదునైన చోట ఆపి నింపుకోండి. గాలి మరీ తగ్గితే స్ప్రింగు బ్రేకులు వాటంతట అవే పడి, బండి మీరు కోరుకోని చోట నిలబడిపోతుంది.

పక్కవాలు గురించి మళ్లీ ఒక లెక్క. చక్రాల మధ్య వెడల్పు 1.7 మీటర్లు, బరువు కేంద్రం 1.5 మీటర్ల ఎత్తులో ఉంటే, కదలని గట్టి బండి 29 డిగ్రీల దగ్గర దొర్లాలి. అసలు బండికి స్ప్రింగులు, టైర్లు నొక్కుకుపోయి ఆ అంకె ఇంకా తగ్గుతుంది. పైవైపు చక్రం 20 సెంటీమీటర్ల రాయి ఎక్కితే అప్పటికే ఉన్న వాలుకి దాదాపు 7 డిగ్రీలు కలుస్తాయి. అందుకని లోడు బండితో 15 డిగ్రీల పక్కవాలే ఎక్కువ అని నేను అనుకుంటాను. బండి ఒరుగుతున్నట్టు అనిపిస్తే స్టీరింగ్ వాలు కిందివైపుకి తిప్పాలి. మనసు పైకి తిప్పమంటుంది, అదే దొర్లిస్తుంది. కింద లోయ ఉండి కిందికి తిప్పే చోటే లేకపోతే ఆ పక్కవాలులోకి వెళ్లకూడదు. పారతో పైవైపు మట్టి తవ్వి కిందివైపు వేసి దారిని చదును చేశాకే కదలండి.

నీళ్లు, బురద

కదిలే నీటిని నడిచి దాటలేకపోతే బండితోనూ దాటవద్దు. నిలిచిన నీరైతే లోతు, అడుగు నేల కర్రతో చూడండి. గాలి పీల్చే గొట్టం క్యాబ్ వెనక పైన ఉండటం ఈ బండ్లకి కలిసొచ్చే విషయం, కానీ రేడియేటర్ ఫ్యాను, విద్యుత్ భాగాలు కిందే ఉంటాయి. తయారీదారు చెప్పిన లోతు దాటవద్దు. ఒకే తక్కువ గేరులో, ఆగకుండా, ముందు చిన్న అల నిలబడేంత వేగంతో పోండి. బయటికి వచ్చాక బ్రేకులు రెండు మూడుసార్లు తేలికగా పట్టి ఆరబెట్టండి. తర్వాత ఇరుసుల నూనె చూడండి, పాలలా తెల్లబడితే నీళ్లు చేరినట్టే.

బురదలో చక్రాల జాడల్లో పోతున్నప్పుడు ముందు చక్రాలు నేరుగా ఉన్నాయో లేదో అప్పుడప్పుడు తల బయటికి పెట్టి చూడండి. జాడలో ఉన్నంతసేపు స్టీరింగ్ తిప్పినా బండి నేరుగానే పోతుంది, జాడ అయిపోగానే ఒక్కసారిగా పక్కకి దూకుతుంది.

కూరుకుపోతే

చక్రాలు తిరుగుతూ బండి కదలకపోతే అక్కడే ఆపండి. ప్రతి సెకను లోతుకి తవ్వుకుంటుంది. పార తీసి చక్రాల ముందు, ఇరుసు కింద తవ్వండి, రాళ్లో పలకలో వేయండి. చాలాసార్లు దీంతోనే సరిపోతుంది.

లాగాల్సి వస్తే బలం ఎంత కావాలో ముందే అంచనా వేయండి. సైన్యంలో వాడే లెక్క ప్రకారం చక్రాల మేరకు కూరుకుపోయిన బండిని కదపడానికి దాని బరువంత బలం కావాలి, మడ్‌గార్డుల దాకా కూరుకుంటే దానికి రెట్టింపు. 6 టన్నుల లారీని చిన్న జీపు వించితో (తాడు చుట్టుకుంటూ లాగే యంత్రంతో) లాగడం ఎందుకు కుదరదో ఇప్పుడు తెలుస్తుంది. కప్పీ వేసి తాడు మడిస్తే బలం దాదాపు రెట్టింపవుతుంది. చాసిస్‌కి బిగించిన లాగే పిన్నుకే కట్టండి. బంపర్‌కి గానీ స్టీరింగ్ రాడ్లకి గానీ కట్టవద్దు.

ఒక విషయం క్యాబోవర్‌కే ప్రత్యేకం. బానెట్ ఉన్న బండిలో వించి వాడేటప్పుడు బానెట్ ఎత్తి ఉంచితే తెగిన తాడు నుంచి డ్రైవరుకి కొంత అడ్డు ఉంటుంది. మనకి ఆ అడ్డు లేదు. తాడు తెగితే ఎదురుగా గాజు, దాని వెనక మీరు. తాడు మీద బరువైన దుప్పటో తడి గోనెసంచో వేయండి, వీలైతే పొడవాటి తీగ రిమోట్‌తో పక్కకి దూరంగా నిలబడి వించి నడపండి. తాడు బిగిసి ఉన్నంతసేపు దాని దరిదాపుల్లో ఎవరూ ఉండకూడదు.

మరమ్మతు కోసం క్యాబ్ వంచాల్సి వస్తే చదునైన చోటే వంచండి. దిగుడు వాలులో వంచితే క్యాబ్ అదుపు తప్పి ముందుకి పడుతుంది. వంచడానికి ముందు చోటు కూడా కావాలి. అందుకే ఇరుకు దారిలో రాత్రికి ఆగినా, వేడెక్కి ఆగినా, ముఖం గట్టుకి ఆనించి ఆపవద్దు. ముందు రెండు మూడు మీటర్ల ఖాళీ ఉంచి ఆపండి.

గట్టి రోడ్డు ఎక్కాక

వెంటనే వేగం అందుకోవద్దు. డిఫ్ లాకులు, లో రేంజ్, ఫోర్‌వీల్ తీశారో లేదో చూసి, టైర్లలో గాలి నింపండి. జంట టైర్ల మధ్య చేయి పెట్టకుండా కర్రతో రాళ్లు తీయండి. బ్రేకు గొట్టాలు, కమాను పట్టీలు, చాసిస్ మీద బాడీ బిగించిన చోట్లు టార్చి వేసి చూడండి. కొత్త పగులు మట్టి పొరలో సన్నని గీతలా కనిపిస్తుంది. క్యాబ్ లాక్ మళ్లీ ఒకసారి లాగి చూడండి. చక్రాల నట్లు ఇప్పుడొకసారి, మళ్లీ 50 కిలోమీటర్లు పోయాక ఒకసారి బిగించుకోండి.